తొమ్మిదో అంతస్తు ఆనపపాదు

కలకత్తా న్యూ టౌన్‌లో లలితాంబ బాల్కనీలో కాసిన ఆనపకాయ ఎంత పొడుగంటే, లిఫ్టు చెడిపోయిన రోజున ఆరో అంతస్తు వాళ్ళు దాన్ని పట్టుకునే తొమ్మిదో అంతస్తుకి ఎక్కారు. దిగేవాళ్ళు దానిమీద జారుకుంటూ దిగారు. నమ్మనివాళ్ళు టిక్కెట్టు కొనుక్కుని వెళ్ళి చూసి రావచ్చు. అయితే కాయ కంటే ముందు పాదు సంగతి చెప్పాలి, పాదు కంటే ముందు ఆవిడ సంగతి.

లలితాంబది విజయనగరం వైపు. భర్త సోమశేఖర్ బ్యాంకు ఆఫీసరు. బ్యాంకువాళ్ళ కాపురం తెలిసిందే గదా, గోడకి మేకు కొట్టి కేలండరు తగిలించేలోగా బదిలీ కాగితం వస్తుంది. పోయిన ప్రతి ఊళ్ళోనూ ఆవిడ ఓ పాదు పెట్టింది. రాంచీలో బీర పెట్టింది, పూత పట్టగానే బదిలీ. కటక్‌లో కాకర పెట్టింది, పిందె పడగానే బదిలీ.

"నువ్విక్కడ గింజ నాటితే చాలు, అక్కడ హెడ్డాఫీసులో మొలకెత్తుతుందే," అని సోమశేఖర్ ఏడిపించేవాడు.

ఆవిడా నవ్వేది గానీ లోపల ఓ ముల్లు ఉండిపోయింది. తన చేత్తో పెట్టిన పాదు కాయ తన కంచంలో పడటం ఇన్నేళ్ళ కాపురంలో ఎరగదు. అన్నీ తరవాత వచ్చిన ఆఫీసర్ల పెళ్ళాలే వండుకుతిన్నారు.

ఆఖరికి ఆయన కలకత్తాలో రిటైరయ్యాడు, న్యూ టౌన్‌లో ఫ్లాటు కొనుక్కున్నారు. ఇహ కదిలించేవాడు లేడు. లలితాంబ ఓ పాత రంగుడబ్బాకి అడుగున చిల్లులు పొడిచి, మట్టీ పేడా కలిపి నింపి, ఆనపగింజ నాటింది. నాటి ఊరుకుందా? లిఫ్టులో ఎవరు కనబడితే వాళ్ళ చేతిలో నాలుగు గింజలు పెట్టేది. "బట్టలకి పెడుతున్న ఎండ కాస్త బెండమొక్కకీ పెట్టండమ్మా. మీ ఎండేం తరిగిపోదు!" మొహమాటానికి పుచ్చుకున్నవాళ్ళు కొందరు, నిజంగానే నాటినవాళ్ళు కొందరు. నాలుగో అంతస్తులో టమాటా లేచింది. ఏడో అంతస్తులో వంగనారు తలెత్తింది.

అప్పుడొచ్చాడు జయదేవ్. ఫ్లాట్ల సంఘానికి సెక్రటరీ. మర్యాదస్తుడే, ఆవిణ్ణి మాషీమా, అంటే పిన్నీ అని పిలుస్తాడు, కానీ ఆయన్ని గోడల బెంగ పట్టుకుంది.

"మాషీమా, దుర్గాపూజలకి ముందు బిల్డింగుకి రంగులు వేయిస్తున్నాం. కుండీలన్నీ తీయించెయ్యాలి. నీళ్ళు కారి గోడలు పాడవుతున్నాయంటున్నారు."

"గోడకి రంగు, మాకు కూర. ఏది ముఖ్యం నాయనా?"

"కూరయితే సరే. మీ పాదులో ఆకులు తప్ప ఏముంది? అందరూ మిమ్మల్ని చూసే పెట్టారు. నెలాఖరుకి పెయింటర్లు వస్తారు. ఆలోగా మీది కాస్తే అందరి కుండీలూ ఉంచుతాను. లేదా, మీ డబ్బాతోనే మొదలు."

మాట న్యాయంగానే ఉంది, అదే వచ్చిన చిక్కు. పాదు ఏపుగా పెరిగి, గ్రిల్లు దాటి, పక్కవాళ్ళ బాల్కనీలోకి పాకిపోయింది. తెల్లగా విరగబూసింది కూడా. అన్నీ మగపూలే! పూసేవి, రాలేవి. లలితాంబ మొక్కని బతిమాలింది, మొక్కుకుంది, తిట్టింది. మొక్కకి చీమ కుట్టినట్టయినా లేదు.

పక్క ఫ్లాటు బనానీ దీది. బెంగాలీ ఆవిడ, లలితాంబ కంటే కాస్త పెద్దది, మనసులో ఏదీ దాచుకోలేని మనిషి. ఒక మధ్యాహ్నం గిన్నె పట్టుకొచ్చింది.

"తిను లలితా. చేప వెయ్యలేదు. నీకోసం వడియాలు వేసి వండాను."

లలితాంబ తింది. బావుంది. ఇంకోసారి పెట్టుకుంది. "ఏ ఆకు దీదీ ఇది? ఇంత కమ్మగా ఉంది?"

"లావు కొసలు." ఆనపకాయని వాళ్ళు లావు అంటారు, బక్కకాయైనా సరే.

"ఇంత లేతవి ఏ బజార్లో దొరికాయి?"

"బజారెందుకు? నా బాల్కనీలోకి నువ్వే పంపావుగా!"

చెంచా గాల్లో ఆగిపోయింది. లలితాంబ బాల్కనీలోకి పరిగెత్తి, పక్కకి వంగి చూసింది. గ్రిల్లు దాటిన తీగల్లో ఒక్కదానికీ తల లేదు.

"ఏటి పని చేసీసారు దీదీ! ఆనపాకు ఎవరైనా తింటారా?"

"ఆనపాకు ఎవరైనా పారేస్తారా?" బనానీ దీ నిజంగానే తెల్లబోయింది.

పాపం, తప్పు ఎవరిదని చెబుతాం? మనకి ఆనప అంటే కాయ. వాళ్ళకి ఆకూ, కొసా, తొక్కూ అన్నీ కూరే. తీగ తనంత తాను గుమ్మంలోకొస్తే పొరుగావిడ పంపిన సారె అనుకుంది.

"పోనీలే, ఇన్నేళ్ళకి నీ పాదు నీ నోట్లో పడింది," అన్నాడు సోమశేఖర్. ఆ మాటకి ఆయనకి రెండు పూటలు ఆవకాయే గతి అయింది. బనానీ దీకైతే తలుపే తెరవలేదు.

పెయింటర్లు కింది అంతస్తుల్లో వెదురు పరంజా కట్టడం మొదలెట్టారు. పరాయివాడు పీకడం ఎందుకు, నేనే పీకేస్తానని లలితాంబ ఓ ఉదయం తీగ మొదలు పట్టుకుంది. పట్టుకున్న చెయ్యి అలాగే ఉండిపోయింది. తెగిన ప్రతి కొస కిందా రెండేసి పిల్లకొమ్మలు. ఆ కొమ్మలకి మొగ్గలు. ఒక్కో మొగ్గ వెనకా నూగునూగుగా, ముక్కుపుడకంత ఆనపకాయ!

"దీదీ! బనానీ దీ! రండి, తొందరగా రండి!"

కొస తెగితే గానీ పక్క కొమ్మలు వెయ్యవు, పక్క కొమ్మలు వేస్తే గానీ ఆడపూలు సరిగా రావు. అదీ ఆ పాదు రోగం.

"ఇది మీకు ముందే తెలుసా?" అంది లలితాంబ.

"నాకేం తెలుసు? మా అమ్మ కోసేది, వండేది. పాదు కాసేది. నేను తిన్నానంతే!"

తొమ్మిదో అంతస్తుకి పుప్పొడి మోసే పురుగులు లిఫ్టెక్కి రావు గనక, పొద్దు వాలుతుంటే ఇద్దరూ మగపువ్వు తుంచి ఆడపువ్వుకి అద్దారు. ఆ పెళ్ళికి సోమశేఖర్ టార్చిలైటు పట్టాడు.

పెయింటర్లు పైకి చేరిన రోజున జయదేవ్ వచ్చాడు. "ఏదీ మాషీమా కాయ? ఓ, అదేనా..." అంటూ పిందెకేసి వేలు చాచాడు. లలితాంబ ఆ వేలు గప్పున పట్టేసుకుంది.

"వేలు చూపించకు! పిందె కుళ్ళిపోతుంది. మడిచి చూపించు."

అంత పెద్ద సెక్రటరీ బుద్ధిగా వేలు మడిచాడు. పిందెలన్నీ లెక్కపెట్టి నవ్వేశాడు. "సరే. డబ్బాల కింద పళ్ళేలు పెట్టండి. నీళ్ళు మాత్రం కారకూడదు." ఆ కబురు వినగానే నాలుగో అంతస్తు టమాటావాళ్ళు మిఠాయి పంచారు.

ఇక కాయ సంగతి. లిఫ్టూ, ఎక్కడాలూ, జారడాలూ అన్నీ కోతలే! కాయ మూరెడు. మూరెడంటే నా మూర కాదు, చంటిపిల్ల మూర.

"తొలికాయ దేవుడికివ్వవా లలితా?" అంది బనానీ దీ.

"ఊరూరా పాదుకి పాదే ఇచ్చుకున్నాను దీదీ. ఆయన వాటా ఎప్పుడో ముట్టింది."

తొక్కు బనానీ దీ వేపుడుకి పోయింది. ముక్కలు లలితాంబ పులుసులో పడ్డాయి. సోమశేఖర్ ఆబగా తిని, మళ్ళీ వడ్డించుకుని, ఆహా అన్నాడు.

ఇది కూడా నేను కల్పించిందే. ఆయన ఆనపకాయ ముట్టడు, ఆ రోజూ ముట్టలేదు. కంచం ముందు కూచుని మళ్ళీ మళ్ళీ వడ్డించుకున్నది లలితాంబే.