పాపారావు గారి బుర్ర

నేను ఒక బుర్రను. ఎండిన ఆనపకాయ బుర్రను. లోపల గుప్పెడు గింజలు తప్ప ఎన్నడూ ఇంకేమీ లేవు, ఆ మాట ఒప్పుకోవడానికి నాకు నామోషీ కూడా లేదు. మనుషులు తమ తలకాయలకి నా పేరే పెట్టుకున్నారు, వాటిలో ఏదో ఉందన్న నమ్మకంతో కాబోలు. నన్ను ఊపితే లోపలున్నదేమిటో గలగలమని బయటపడేది. వాళ్ళ సంగతి నోరు విప్పితేగాని తెలియదు.

పుట్టింది హైదరాబాదులో, మియాపూర్ వైపు ఒక అపార్ట్‌మెంట్లో, మొదటి అంతస్తు బాల్కనీలో, ఖాళీ పెయింటు బకెట్లో. విత్తనం వేసింది హైమవతమ్మ. ఆవిడ నన్ను ఆనపకాయ అంటుంది. కింద వాచ్‌మన్ ఆనిగెపు కాయ అంటాడు. ఫోనులో కూరలు తెప్పించుకునేవాళ్ళు సొరకాయ అంటారు. పేరేదైతేనేం, చివరికి పులుసులోకే. నా తోబుట్టువులందరూ అలాగే పోయారు, కొందరు పులుసులోకి, కొందరు పాలు పోసిన కూరలోకి. నేను మాత్రం ఏసీ డబ్బా వెనక నక్కి పెరిగాను కాబట్టి ఎవరి కంటా పడలేదు. పడేనాటికి ముదిరిపోయాను. హైమవతమ్మ గోరు గుచ్చి చూసింది, దిగలేదు. "పోనీలే, విత్తనానికి ఉంటుంది" అని వదిలేసింది. అలా పనికిరాకపోవడం వల్ల బతికిపోయాను. ఈ లోకంలో అలా బతికినవాళ్ళు చాలామందే ఉంటారు.

మా బాల్కనీ కింద తురాయి చెట్టు, దాని కింద సిమెంటు బెంచీ ఉన్నాయి. వేసవిలో ఎండెక్కకముందే ఆరోగ్యం కోసం నడిచేవాళ్ళంతా ఆ బెంచీ మీదే కూర్చునేవారు. ఒక చుట్టు నడక, ఆపైన గంటన్నర కబుర్లు. పిక్కల సంగతేమోగాని దవడలకి మాత్రం మంచి వ్యాయామం. ఆ బెంచీకి పెద్దదిక్కు హైమవతమ్మ భర్త పాపారావు గారు. కరెంటు ఆఫీసులో చేసి రిటైరై, కూతురి ఇంట్లో ఉంటున్నారు. స్వస్థలం రాజమండ్రి.

"ఇవీ ఒక ఈతలేనటండీ!" అనేవారు ఆయన, అవతల నీలం పలకల ఈత కొలను వైపు చెయ్యి విసిరి. "మేం గోదారి ఈదినవాళ్ళం. వరద గోదారి. ఈ గట్టున దిగితే ఆ గట్టున కొవ్వూర్లో తేలడమే. అక్కడ టీ తాగి, మళ్ళీ ఈదుకుంటూ ఇంటికొచ్చి భోజనం."

"అబ్బో!" అనేవారు పక్కన శేషగిరి గారు. ఆయన ఆ కథ ఎన్నిసార్లు విన్నా అక్కడే అబ్బో అనేవారు.

ఇలాంటి మాటల్ని సొరకాయ కోతలు అంటారట. మా జాతి మీద ఆ నింద ఎందుకు పడిందో నాకిప్పటికీ అర్థం కాదు. మేం ఏనాడూ ఏదీ కొయ్యలేదు. కోసింది మమ్మల్నే.

అసలు సంగతి హైమవతమ్మకి తెలుసు. పుష్కరాలకి వెళ్ళినప్పుడు ఊరు ఊరంతా గోదాట్లో మునకలేస్తుంటే, ఈయన పైమెట్టు మీద చతికిలబడి చెంబుతో నెత్తిన నీళ్ళు పోసుకున్నారు. పాదాలు తడిస్తే జలుబు చేస్తుందన్నారు. ఆవిడ ఎవరికీ చెప్పలేదు. మొగుడి పరువు పులుసు కూరలాంటిది, మూత తీసి ఊరికే కలిపితే చెదిరిపోతుందని ఆవిడ అభిప్రాయం.

ఇలా ఉండగా మే నెల వచ్చింది. మనవరాలు ఊహకి తొమ్మిదేళ్ళు. బళ్ళు మూసేశారు కదా, పిల్ల రోజంతా ఫోనుకి అతుక్కుపోతోందని వాళ్ళమ్మ తీసుకెళ్ళి ఈత తరగతుల్లో చేర్పించింది. మొదటి రోజే ఊహ నీళ్ళు మింగింది. ఆ తరవాత కొలను నిచ్చెన పట్టుకుంటే వదిలేది కాదు. తోటి పిల్లలు చేపల్లా అటూ ఇటూ పోతుంటే ఇది ఆ ఇనప కడ్డీకి వేలాడుతూ ఉండేది. "నిచ్చెనపాప" అని పేరు పెట్టారు పిల్లలు. ఇంటికొచ్చి టోపీ విసిరేసి, బాల్కనీలో నా పక్కనే కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది. నాకు ప్రాణం ఉసూరుమంది. నాకున్నది పిసరంత ప్రాణమే అయినా ఉసూరుమంది.

ఆఖరి ఆదివారం పిల్లలందరూ కొలను ఈ చివరినుంచి ఆ చివరికి దాటాలట. ఇంట్లోవాళ్ళు తోడు దిగొచ్చట.

"తాతయ్యా, నువ్వు నా పక్కన ఉంటే దాటుతాను" అంది ఊహ. "నువ్వు గోదారి ఈదావుగా. నువ్వు రాకపోతే ఇంక జన్మలో నీళ్ళలో దిగను."

"ఓస్, అంతేనా!" అన్నారు పాపారావు గారు.

ఆ రోజు మధ్యాహ్నం ఆయన ఆవకాయ కలుపుకుని కూడా తినలేదు. ముంజలు తెస్తే ముట్టుకోలేదు. బాల్కనీలోకొచ్చి కొలను వంక చూస్తూ నిలబడిపోయారు, పెళ్ళికూతుర్ని చూడకుండా పెళ్ళికి ఒప్పుకున్నవాడిలా.

వెనకనుంచి హైమవతమ్మ వచ్చింది. "పోనీ నేను దిగుతాను దానితో. మీరు గట్టున కూర్చోండి."

"నువ్వా? నీకు ఈతొచ్చా?"

"మా ఊళ్ళో పంటకాలవ ఇంటి వెనకే. వీపుకి ఆనపబుర్ర కట్టి తోసేవారు. వారంలో వచ్చేసింది."

"ఇన్నేళ్ళలో ఎప్పుడూ చెప్పలేదేం?"

"మీ గోదారి కథ ఆగితేగా, నేను నా కాలవ కథ ఎత్తడానికి."

పాపారావు గారు మళ్ళీ కొలను వంక తిరిగారు. తరవాత మెల్లగా, "అది నన్ను రమ్మంది హైమా" అన్నారు. ఆ మాటలో ఈసారి కోత లేదు. హైమవతమ్మ ఆయన మొహంలోకి చూసి, ఏసీ డబ్బా వెనక్కి చెయ్యి పెట్టి, నన్ను లాగి, చెవి దగ్గర ఊపి చూసింది. గలగలమన్నాను.

"అయితే నేర్చుకోండి" అంది.

మిట్టమధ్యాహ్నం హైదరాబాదులో ఏ పుణ్యాత్ముడూ బయటికి రాడు. అందుకే ఆ వేళ ఎంచుకున్నారు. కొలను చుట్టూ పలకలు పెనంలా కాలుతుంటే పాపారావు గారు ఒంటికాలి మీద గెంతుతూ వచ్చారు. ఆ వయసులో అంత చురుగ్గా కదలడం బెంచీవాళ్ళెవరూ చూడలేదు, పాపం. వీపున నేను, నన్ను పట్టి కట్టిన పాత నవారు, వెనక గొడుగు వేసుకుని హైమవతమ్మ.

ఈత నేర్పే యాదగిరి నీడలో కునుకు తీస్తున్నవాడు కాస్తా లేచాడు.

"సార్, గిదేంది? ఆనిగెపు కాయనా? తినేటివి లోపలికి తేవద్దని బోర్డు ఉంది గదా."

"ఎండిపోయిందయ్యా. తింటే పళ్ళు రాలతాయి."

"మరి గిదెందుకు కట్టుకున్నరు?"

ఇక్కడ నిజం చెప్పడానికి మంచి అవకాశం ఉంది. చుట్టూ ఎవరూ లేరు. కాని అలవాటు పడ్డ నోరు కదా.

"బరువు కోసం. గోదారి ఈదినవాడికి ఈ నీళ్ళు ఓ లెక్కా? ఏదో ఒకటి అడ్డం పెట్టుకుంటేగాని ఒళ్ళు కదలదు."

"గట్లనా!" అన్నాడు యాదగిరి, నిజంగా ఆశ్చర్యపడి. హైమవతమ్మకి గొడుగు కింద దగ్గొచ్చింది. సొరకాయ మీదే సొరకాయ కోత కోసిన మొదటి మనిషి ఆయనే అయి ఉంటారు.

యాదగిరి మళ్ళీ నీడలోకి పోయి కునుకు తీశాడు, రోజూ అంతే. ఇక శిక్షణ. నేను ఉన్నంతసేపు ఆయన తేలేవారు. తేలినంతసేపు గొప్పగా ఉండేవారు. "చేతులు కాదు, కాళ్ళు కొట్టండి" అనేది హైమవతమ్మ. "నాకు తెలుసు" అనేవారాయన. "తెలుసు కాబట్టే ముందుకి పోవాల్సింది వెనక్కొస్తున్నారు" అనేది ఆవిడ. నవారు విప్పితే మాత్రం ఇనప గుండే, సరాసరి అడుక్కి. మళ్ళీ పైకి తేలగానే దగ్గుతూ నాకోసం తడుముకునేవారు. అంత ఆప్యాయంగా నన్ను ఎవరూ పట్టుకోలేదు. రోజూ వెళ్ళాం. ఆయన పొట్ట కాస్త తగ్గింది, ఆకలి పెరిగింది, మజ్జిగ తేటకి బదులు గడ్డ పెరుగు అడిగారు. ఈత మాత్రం రాలేదు. నన్ను కట్టుకుని ఒక చివరినుంచి ఇంకో చివరికి కాళ్ళు కొట్టుకుంటూ పోగలిగేవారు, అంతే.

ఆదివారం సాయంత్రం. కొలను చుట్టూ ప్లాస్టిక్ కుర్చీలు, రస్నా గ్లాసులు, ఫోను కెమెరాలు. శేషగిరి గారైతే ముందు వరసలో కూర్చున్నారు. పాపారావు గారు నన్ను వదులు చొక్కా కింద దాచి, గూనివాడిలా వంగి నిచ్చెన దిగారు. నీళ్ళు ఆయన గుండెలదాకా వచ్చాయి. ఊహ అప్పటికే కడ్డీ పట్టుకుని వణుకుతోంది. ఎండ ఇంకా మండుతూనే ఉంది, ఆ వణుకు చలికి కాదు.

పిల్ల చెయ్యి ఆయన వీపుకి తగిలింది. టక్కుమని మోగాను.

"తాతయ్యా, ఏంటిది?"

ఆయన నోరు తెరిచేలోగా గట్టు మీదనుంచి యాదగిరి అరిచాడు. "గది బరువు పాపా! మీ తాత గోదారి ఈదినోడు, ఉత్త నీళ్ళు సాలవట!"

కుర్చీల్లోంచి చప్పట్లు. "అబ్బో!" అన్నారు శేషగిరి గారు.

అబద్ధం తనంతట తానే నడుచుకుంటూ వచ్చి ఆయన చేతిలో కూర్చుంది. నోరు మూసుకుంటే చాలు, పరువు దక్కిపోయేది. కాని ఊహ మొహం ఒక్కసారిగా వాడిపోయింది.

"నువ్వు బరువు కట్టుకుని కూడా ఈదుతావు" అంది. "నాకు ఉత్తినే కూడా రాదు. నేను ఎక్కేస్తాను తాతయ్యా."

ఒక కాలు మెట్టు మీద పెట్టేసింది కూడా. ఆ క్షణాన పాపారావు గారి వీపు నాకు దగ్గరగా ఉంది కాబట్టి చెబుతున్నాను, ఆయన గుండె దడదడా కొట్టుకుంది. వరద గోదారి ఈదినా అంత కొట్టుకోదు.

"ఊహా, ఇది బరువు కాదే" అన్నారు, ఆ పిల్లకి మాత్రమే వినబడేలా. "బుర్ర. మీ అమ్మమ్మ కట్టింది. ఇది లేకపోతే నేను మునిగిపోతాను. నాకు ఈత రాదు."

"మరి గోదారి?"

"గట్టున కూర్చుని చూశాను. ఈదింది వేరేవాళ్ళు."

ఊహ కాలు మెట్టు మీదే ఉండిపోయింది. "నీకూ భయమా?"

"చచ్చేంత."

"మరెందుకు దిగావు?"

"నువ్వు రమ్మన్నావుగా."

ఊహ ఆయన్ని కిందనుంచి పైదాకా చూసింది. తరవాత మెట్టు మీదనుంచి కాలు తీసింది. కడ్డీ మీదనుంచి ఒక చెయ్యి తీసి, చొక్కా కాలరులోంచి బయటపడ్డ నా మెడ పట్టుకుంది. రెండో చెయ్యి తీయడానికి కాస్త ఆలస్యమైంది, కాని తీసింది.

"పద తాతయ్యా. చేతులు కాదు, కాళ్ళు కొట్టు" అంది. ఆ ఇంటి ఆడవాళ్ళకి ఆ మాట ఎక్కడినుంచి వస్తుందో నాకు తెలియదు.

బయల్దేరాం. ఆయన కొడుతున్న కాళ్ళకి సగం నీళ్ళు గట్టెక్కి శేషగిరి గారి రస్నాలో పడ్డాయి. లోతు దగ్గరికి వచ్చేసరికి పాపారావు గారు కళ్ళు గట్టిగా మూసుకున్నారు. అందుకే ఆయనకి తెలియలేదు, ఊహకీ తెలియలేదు, నాకు ఒక్కదానికే తెలిసింది. నడి కొలనులో ఆ పిల్ల నా మెడ వదిలేసింది. తాతయ్యకి దారి చూపించాలన్న తొందరలో నాలుగు బారలు ముందుకి పోయి, "ఇటు తాతయ్యా, ఇటు!" అని అరుస్తోంది. బారలు ఎవరు వేస్తున్నారో చూసుకోలేదు.

అవతలి గోడకి ముందు ఊహ చెయ్యి తగిలింది. తరవాత పాపారావు గారి నెత్తి తగిలింది. ఆ తరవాత ఆయన తిరగబోయి నన్ను గోడకి కొట్టారు. ఫట్‌మని చీలాను. బొట్టుబొట్టుగా నీళ్ళు లోపలికి పోతుంటే, గట్టు మీద హైమవతమ్మ చీర కొంగుతో కళ్ళు తుడుచుకోవడం చూశాను. క్లోరిన్ పడలేదంది.

మర్నాడు బెంచీ దగ్గర పాపారావు గారు ధైర్యం చేశారు. "శేషగిరి గారూ, నాకు ఈత రాదండీ. గోదారి నేనెప్పుడూ ఈదలేదు" అన్నారు.

శేషగిరి గారు పక్కవాళ్ళ వైపు తిరిగారు. "చూశారా? అంతటి ఈతగాడు, ఎంత అణకువో!"

పాపారావు గారు ఇంకోసారి చెప్పి చూశారు. ఆ రోజునుంచి ఆయన మీద గౌరవం ఇంకా పెరిగింది. ఇక ఆయన ఆ ప్రయత్నం మానుకుని రెండు చుట్లు ఎక్కువ నడుస్తున్నారు.

నన్ను హైమవతమ్మ పారెయ్యలేదు. గింజలు తీసి బకెట్లో నాటింది, నవారుతోనే నన్ను బాల్కనీ ఊచకి వేలాడదీసింది. చీలిక ఉంది కాబట్టి ఇంక తేలను. గాలి వేస్తే కాస్త ఊగుతాను, గలగల మాత్రం లేదు.

నిన్న సాయంత్రం ఊహ స్నేహితురాలు వచ్చింది. మాటల్లో మాట, వాళ్ళ తాతయ్య కొండలెక్కేవాడని ఆ పిల్ల మొదలుపెట్టింది.

"మా తాతయ్యకి ఈతే రాదు, తెలుసా!" అంది ఊహ. గోదారి గురించి పాపారావు గారు చెప్పేటప్పుడు గొంతు ఎలా సాగేదో, అచ్చం అలాగే సాగింది. "అయినా నా కోసం లోతులోకి వచ్చేశాడు!"

"ఈత రాకుండా లోతులోకి వచ్చాడా?" ఆ పిల్ల నోరు తెరిచింది. "మీ తాతయ్యకి బుర్ర లేదా?"

"ఎందుకు లేదూ?" అంది ఊహ, నా వైపు వేలు చూపించి. "అదిగో."

కుర్చీలో కూర్చున్న పాపారావు గారు ఒళ్ళో ఉన్న పేపరు గబుక్కున ఎత్తి మొహానికి అడ్డం పెట్టుకున్నారు. అందులో తల్లకిందులుగా ఉన్న వార్త ఆయన చాలాసేపు చదివారు.