డెబ్బయ్యో ఫారం

పెద్దాయన రాసిన నవలలు ఎనిమిది. ఒక్కొక్కటీ తలకింద పెట్టుకుంటే దిండు, తలమీద పడితే గండం. కొన్నవాళ్ళలో చాలామంది అట్ట చూసి అట్టే ఆగిపోయినవాళ్ళే. అట్టనుంచి అట్టడుగుదాకా చదివే మనిషి ఒక్కడే, సెలూన్ బావ.

వీధి మొత్తానికి ఆయన సెలూన్ బావే గానీ, అక్క మొగుడి వరసలో అసలు బావ మాత్రం పుస్తకాలు కుట్టే బైండరుకి. గిరాకీ గడ్డానికి సబ్బు రాసి, అది నానేలోపు ఒక్క వాక్యం చదువుకుందామని కూర్చునేవాడు బావ. పెద్దాయన వాక్యం రెండు పేజీలు తిరిగితే గానీ ఆగేది కాదు. అది ఆగేసరికి గిరాకీ మొహం సున్నం కొట్టిన గోడలా ఉండేది. ఒక నవలలో ముప్పై పేజీలు వాన కురిస్తే బావకి నిజంగానే జలుబు చేసింది. నవలలోని నూటపాతికమంది చుట్టరికాలూ పాత క్యాలెండరు వెనక రాసి అద్దం పక్కన తగిలించుకున్నాడు. సొంత అత్తగారి పేరు మాత్రం మర్చిపోయేవాడు.

బైండరు పద్ధతి వేరు. పెద్దాయన పుస్తకాలు అచ్చయ్యేది అతను పనిచేసే ప్రెస్సులోనే. పదహారు పేజీలొక ఫారం. మడిచిన ఫారాలు వరసగా పేర్చేటప్పుడు ఆఖరిది అడుగున పెట్టి, మొదటిది పైకొచ్చేలా వెనకనుంచి పేరుస్తారు. అందుకని అందరికంటే ముందు అతని చేతికొచ్చేది ముగింపే. నిలబడి పదహారు పేజీలూ చదివి, సాయంత్రం సెలూన్‌కి పోయేవాడు.

బావ ఎనభయ్యో పేజీలో ఉండగా, "బావా, ఆ పెద్దకోడలి మీద మరీ ఆశలు పెట్టుకోకు. పోతుంది" అనేవాడు.

బ్రష్షు ఎగిరొచ్చేది. అలా ఏడు నవలలు. కుట్టుపని చేసేవాడికి కుట్ర నేర్పక్కర్లేదు గదా.

పెద్దాయన పోయాడు. ఎనిమిదోది, ఆఖరిది, ప్రెస్సులో ఉంది. సరిగ్గా అప్పుడే ప్రెస్సులో బైండరుకి పాతికేళ్ళ సర్వీసు నిండింది. యజమాని అందరి ముందూ చేతి గడియారం ఇస్తానన్నాడు. ఆ ఉదయం బైండరు మీసం దిద్దించుకోవడానికి బావ కుర్చీలో కూర్చున్నాడు.

బావ ఎడమవైపు మీసం మొత్తం ఒక్క గీతలో లేపేశాడు.

"బావా! ఏంటిది?"

"సగం ముగింపు. కదలకు, చర్మం కూడా పోతుంది. ఇక ఆయన రాయడురా. నాకు మిగిలింది ఇదొక్కటే. ముగింపున్న ఆ డెబ్బయ్యో ఫారం నువ్వు చదవకూడదు, ముట్టుకోకూడదు, నాకు చెప్పకూడదు. ఒట్టెయ్యి."

"మా అక్కమీద ఒట్టు బావా!"

"దానిమీద వద్దు, నీకది చులకన. ఈ కుడి మీసం మీద వెయ్యి."

వేశాడు. వేయగానే బావ కుడివైపూ గొరిగేశాడు. "ఒట్టు నిలబెట్టుకుంటే మళ్ళీ మొలుస్తుందిలే" అన్నాడు, టవలు దులుపుతూ.

సాయంత్రం యజమాని గడియారం పెట్టె పట్టుకుని బైండరు ముందునుంచే వెళ్ళి, "మన బైండరేడీ?" అని అడిగాడు. ప్రెస్సంతా పగలబడి నవ్వింది. ఫొటోలో కొడుకుని తల్లి కూడా పోల్చుకోలేకపోయింది. మీసం లేని మోసానికి ఆ ఫొటోయే సాక్ష్యం.

బైండరు మాత్రం ఒట్టు తప్పలేదు. డెబ్బయ్యో ఫారం కట్టలు కంటపడితే చెయ్యి ఆగదని మీద గోనెపట్టా కప్పి, ఎవరిచేతనైనా తర్వాత వేయిద్దామని ఓ మూలకి తోశాడు. ఆ మూల చిత్తుకాగితాల మూల. మర్నాడు చిత్తుకాగితాలవాడొచ్చి, కటింగ్ ముక్కలతోపాటు ఆ కట్టల్నీ తూకమేసి పట్టుకుపోయాడు. ఆ సంగతే మరిచి మూడువందల కాపీలకూ అట్టలు అతికించాక, గోనెపట్టా నేలకి బల్లపరుపుగా ఉండడం బైండరు చూశాడు. ప్రాణం పోయినంత పనైంది. వెళ్ళి యజమానికి చెప్పుకున్నాడు.

"ఎవరైనా అడిగినప్పుడు చూద్దాం" అన్నాడు యజమాని.

నెలయింది. రెండయ్యాయి. ఎవరూ అడగలేదు.

మూడో నెలలో బావ సెలూన్ తలుపు తెరిచే వదిలేసి, ఒక గిరాకీని సగం గడ్డంతో కూర్చోబెట్టి, పుస్తకం చంకన పెట్టుకుని ప్రెస్సుకి పరిగెత్తుకొచ్చాడు. పదకొండువందల నాలుగో పేజీ 'ఆమె తలుపు తీసి,' అని కామాతో ఆగిపోయింది. కామా తర్వాత అట్ట.

యజమాని లేచి నిలబడి చెయ్యి కలిపాడు. "అభినందనలు! అక్కడిదాకా చేరింది మీరొక్కరే."

"పోనీ మళ్ళీ అచ్చు వెయ్యండి!"

"సీసం అక్షరాలు అప్పుడే విప్పేశాం. రాతప్రతి కాగితాలతో మావాళ్ళు సిరా చేతులు తుడుచుకున్నారు. ప్రూఫులు చూసినాయన్ని అడగండి."

ప్రూఫులు చూసినాయన కళ్ళజోడు సర్దుకున్నాడు. "డెబ్బయ్యో ఫారమా? ఇరవైమూడు అచ్చుతప్పులు. కథా? కథ చదివితే తప్పులు కనపడవండీ."

బావ బైండరు బల్ల దగ్గరికొచ్చాడు. కోసే చేతులు కొస కోసం చాచాడు.

"ఒరేయ్, నువ్వు చూసే ఉంటావు. ఇరవయ్యేళ్ళూ చెప్పొద్దన్నా చెప్పావు. ఇప్పుడు చెప్పరా. తలుపు తీసి ఏం చేసింది? లోపల ఎవరున్నారు? ఒక్క ముక్క చాలు. నీ కాళ్ళు పట్టుకుంటాను."

బైండరు చూడలేదు. ఒక్క అక్షరం చూడలేదు. లోకంలో ఎవడికీ తెలియని సంగతి, తనకీ తెలియదు. ఆ మాట చెప్పేస్తే బావ ఓ వారం ఏడ్చి ఊరుకుంటాడు. అతని చెయ్యి పైపెదవి మీదికి పోయింది. అక్కడ మీసం మూణ్ణెల్లది, ఇంకా గరుగ్గానే ఉంది.

"చదివాను బావా" అన్నాడు. "ఒట్టుకంటే ముందే చదివాను. అబ్బ, ఏం ముగింపు! మిగతా పదకొండువందల పేజీలూ ఆ తలుపు కోసమే రాశాడు మహానుభావుడు."

"చెప్పరా మరి!"

"ఒట్టేశాగా."

ఆ మర్నాటినుంచి బైండరు రోజూ సెలూన్‌కి పోతున్నాడు. బావ మిగతా గిరాకీలని లేపి అతన్ని కూర్చోబెడతాడు, సబ్బు రాస్తాడు, చెవి దగ్గర వంగి అడుగుతాడు. బైండరు కళ్ళు మూసుకుని, ఏదో గుర్తొచ్చినవాడిలా సన్నగా నవ్వుతాడు. అంతే. నిన్న సబ్బు నురగలో బావ కన్నీటి చుక్క పడింది.

"మీసం రెండువైపులా సమానంగా రావాలి బావా" అన్నాడు బైండరు అద్దంలో చూసుకుంటూ. "కళ్ళు తుడుచుకుని కత్తిరించు. వంకర పోతుంది."