బొల్లిగాడి గంట

కొండలయ్య ఒకప్పుడు ఎంత మొద్దునిద్ర పోయేవాడంటే, చెవి దగ్గర డప్పు కొట్టినా ఇటు నుంచి అటు తిరిగి పడుకునేవాడు. అట్లాంటి మనిషికి బొల్లిగాడు పోయినప్పటి నుంచి కంటి మీద కునుకు లేదు. భార్య చెంచులక్ష్మికి అదే బెంగ.

దుత్తలూరు చుట్టుపక్కల రైతులు చేనుకు ఎరువు అవుతుందని గొర్రెల మందను పిలిపించుకుని రాత్రిళ్లు పొలంలో ఉంచుతారు. అట్లా ఒక చేలో కాపలా ఉండి కొండలయ్య నిద్రపోయిన రాత్రే, కుక్కలు పడి బొల్లిగాడిని చంపేశాయి. వాడు మందకు ముందు నడిచే పొట్టేలు, చేత్తో పాలు తాపి పెంచినవాడు. ముందు నడిచేది పోతే దాని మెడలో గంట ఇంకో పొట్టేలుకు కట్టాలి, అది కాపరుల పద్ధతి. కొండలయ్య కట్టలేదు. గంట మోగకుండా దాని నాలుకకు గుడ్డ చుట్టి, గొంగడి మూలన ముడి వేసుకున్నాడు. ఇక మళ్లీ నిద్ర పట్టకూడదని టీ మీద టీ తాగడం, ఫోను చూస్తూ తెల్లార్లూ కూర్చోవడం.

ఒక మిట్టమధ్యాహ్నం మందనంతా ఉదయగిరి రోడ్డుకు అడ్డంగా తోలేశాడు. బస్సు కీచుమని ఆగింది.

"చావడానికి నా బస్సే దొరికిందంట్రా నీకు?" అని డ్రైవరు అరిచాడు.

"బొల్లిగాడు ముందు పోతా ఉండాడు. గంట వినపడలా?" అన్నాడు కొండలయ్య, నవ్వుతూ.

మంద వెనకే వస్తున్న చెంచులక్ష్మి ఆ నవ్వు చూసి, పరిగెత్తి వచ్చి అతని రెక్క పట్టుకుంది. ఇంకోసారి బస్సు ఆగకపోతే? మర్నాడే ఆత్మకూరు ఆసుపత్రికి లాక్కుపోయింది.

"గాలీ కాదు, దయ్యమూ కాదు" అంది డాక్టరమ్మ. "నిద్ర చాలకపోతే కళ్లు తెరిచుండగానే బుర్ర కునుకు తీస్తుంది. లేనివి కనపడతాయి, వినపడతాయి. సాయంత్రం టీ మానెయ్. ఫోను దూరంగా పెట్టు. రోజూ ఒకే వేళకు పడుకో. కాపలా ఇంకొకరికి ఒప్పజెప్పు."

"ఎవురికి ఒప్పజెప్పేది మేడం?"

"నేను మనిషిని కాదా ఏంది? మీ అవ్వ కాయలా మందని?" అంది చెంచులక్ష్మి.

ఆ రాత్రి కాపలా తనదేనని, తిరుగు బస్సులో ఆమె కంటినిండా నిద్రపోయింది. పొద్దు వాలేసరికి మొగుడికి సంగటి పెట్టి, చేలో మంచం వాల్చింది.

"నేను పడుకుంటే మళ్లా ఏదో ఒకటి పోద్దే."

"పోతే నా మీద పడి ఏడువు. ఆ గొంగడి ఇట్టియ్యి."

ఇచ్చాడు. కాసేపు పొర్లాడి, చిన్నపిల్లాడిలా నోరు తెరిచి గురక పెట్టాడు. చెంచులక్ష్మి ముడి విప్పి గంటను ఒళ్లో పెట్టుకుంది. తెల్లారాక ఇంకో పొట్టేలుకు కట్టాలి. గుడ్డ బిగువుగానే ఉంది.

పడమట ఎర్రదనం ఆరకముందే కంచె అవతల గంట మోగింది.

ఒళ్లో గంట కదలలేదు. గొర్రెలన్నీ నెమరు ఆపి, ఒక్కసారే అటు తల తిప్పాయి. కొండలయ్య గురక తెగింది, రెప్పలు అదిరాయి.

ఆమె ఒళ్లో గంటను గుప్పిట బిగించి లేచింది. ఇంకో చేత్తో కర్ర పట్టుకుని కంచె దాకా పోయి నిలబడింది.

"బొల్లిగా" అంది, పసివాడిని బుజ్జగించినట్టు. "నాయన ఇప్పుడే పడుకున్నాడురా. లేపబాక. నేనున్నా గదా."

గంట ఆగింది. వెనక మంచం మీద గురక మళ్లీ మొదలైంది. చెంచులక్ష్మి అక్కడే నిలబడింది, కంచెకు వీపు తిప్పే ధైర్యం లేక.