ఎర్ర కొస కొట్టేసిన మాట

నేను ఒక రెండు కొసల పెన్సిల్ని. ఒక కొస ఎరుపు, ఒక కొస నీలం. ఇప్పుడు ఎరుపు పూర్తిగా అయిపోయింది. నీలం బొటనవేలి గోరంత మిగిలింది. ఆ గోరంత ప్రాణంతో ఈ నాలుగు మాటలూ చెబుతున్నాను. మధ్యలో ఆగిపోతే ఏమీ అనుకోకండి, చెక్కేటప్పుడు ములుకు విరగడం మా జాతికి మామూలే.

నేను పుట్టుకతోనే పిరికిదాన్ని. పిరికితనం కాక ఏముంటుంది చెప్పండి, పనిచేస్తే అరిగిపోయే బతుకు నాది. మద్రాసులో ఏదో కార్ఖానాలో ఒక చెక్క ముక్కకి గాడి చెక్కి, ఇటు ఎర్ర ములుకు, అటు నీలం ములుకు పెట్టి, పైన ఇంకో చెక్క అతికించారు. అక్కడే ఒక ముసలి పనివాడు మమ్మల్ని డజన్ల లెక్కన కట్టలు కడుతూ, "ఎర్రది ముందు అరుగుద్దిరా, లోకంలో తప్పులే ఎక్కువ" అన్నాడు. నా మొదటి భయం అక్కడ మొదలైంది.

రామచంద్రపురంలో ఒక కొట్టులో ఆరు నెలలు గాజు పెట్టెలో పడుకున్నాక, చామర్తి భుజంగరావుగారు నన్ను కొన్నారు. ఆయన వైనతేయ బాయిలర్ వర్క్సు అనే కంపెనీలో పెద్ద గుమాస్తా. ఆ చుట్టుపక్కల ఉప్పుడు బియ్యం మిల్లులకు బాయిలర్లూ, గొట్టాలూ, వాల్వులూ సరఫరా చేసే కంపెనీ అది. ముప్పై ఏళ్ళుగా అక్కడినుంచి బయటికి వెళ్ళిన ప్రతి ఉత్తరమూ ఆయన పెన్సిలు కిందనుంచి దూరి వెళ్ళిందే. ఎర్ర గీత పడితే మళ్ళీ రాయాలి. నీలం టిక్కు పడితే టైపు చేసి, యజమాని సంతకం పెట్టించి పంపాలి. ఆయన చేతిలో అరిగిన పెన్సిళ్ళలో నేను పదకొండోదాన్నట. ఆ మాట విన్న రోజు నాకు దిగులుతో ములుకు జిల్లుమంది.

భుజంగరావుగారికి మాటలంటే పట్టింపు. ఎవరైనా చిత్తుప్రతిలో "సుమారు పదమూడు వాల్వులు పంపితిమి" అని రాస్తే, నన్ను పంటిమీద టకటక కొట్టుకుంటూ "వాల్వులు సుమారుగా ఎలా ఉంటాయయ్యా, లెక్కపెట్టి రాయి" అనేవారు. "తిరిగి వాపసు పంపగలరు" అని ఉంటే "తిరిగి" మీద గీత పడేది. "అతి త్వరలో" అని కనిపిస్తే పక్కన "ఏ తేదీ?" అని రాయించేవారు నాచేత. "తమ ఉత్తరం అందినందులకు మిక్కిలి సంతసించుచు వ్రాయునది ఏమనగా" అన్న వాక్యాన్ని ఒక్క గీతతో కొట్టేసి, "సంతోషం తర్వాత పడొచ్చు, విషయం ఏమిటి?" అనేవారు. ఒక్కో గీతకీ నేను కాస్త పొట్టినయ్యేదాన్ని. అయినా గర్వంగానే ఉండేది. ఆయన కింద పనిచేసిన గుమాస్తాలు వేరే కంపెనీలకి వెళ్ళి ఉత్తరం రాస్తే చదివినవాడు రెండోసారి చదవక్కర్లేదని పేరు.

కాని ఇంత పట్టింపున్న మనిషికీ ఒక కన్ను మూసుకుపోయింది. అది కంపెనీ ఆచారం. ఇప్పటి యజమాని పడాల భామిరెడ్డిగారి తండ్రి పెట్టిపోయిన ఆచారమది. లెటరుహెడ్డు మీద పైన శ్రీకారం ఉంటుంది కాబట్టి దాని కింద అమంగళపు మాట పడకూడదు. లేదు, వద్దు, విరిగింది, పగిలింది, ఆరిపోయింది, వీటిలో ఏదీ పడకూడదు. ఇంట్లో దీపం ఆరిపోతే కొండెక్కిందంటాం, వెళ్ళేటప్పుడు వెళ్ళొస్తానంటాం, వ్యాపారం మాత్రం అంతకన్నా తక్కువా అని ఆ పెద్దాయన వాదన. నోరు మంచిదైతే ఊరు మంచిదన్నారు కదా. అందుకని ఆ కంపెనీ ఉత్తరాల్లో గొట్టం పగలదు, "సేవ చాలిస్తుంది." ప్లేటు విరగదు, "విశ్రాంతి కోరుతుంది." ఆ మాటలన్నిటికీ ఒక నమూనాల ఫైలు ఉండేది. కొత్తవాళ్ళు ఉద్యోగంలో చేరగానే ముందు దాన్ని చదవాలి. నిక్కచ్చి మనిషి భుజంగరావుగారే ఆ ఫైలుకి కాపలాదారు. మనుషులు ఇలా ఎలా ఉండగలరో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

నేను సగం పొడవుకి వచ్చేసరికి ఎస్తేరు రాణి టైపిస్టుగా చేరింది. ఇరవై రెండేళ్ళ పిల్ల. వాళ్ళ నాన్న యేసుపాదం, కాలవ అవతల పది మైళ్ళ దూరంలో ఉన్న ఒక మిల్లులో బాయిలరు మనిషి. పొద్దున్నించి సాయంత్రం దాకా పొయ్యిలో ఊక వేస్తూ ఆవిరి సూచీ ముల్లుని చూస్తూ కూర్చోవడం ఆయన పని. ఆయనకి చదువు రాదు. పిల్లని మాత్రం టైపు దాకా చదివించుకున్నాడు.

ఒక బుధవారం పొద్దున్న కంపెనీ మెకానిక్కు మస్తాన్ షెడ్డులోంచి చేతులు తుడుచుకుంటూ భుజంగరావుగారి బల్ల దగ్గరికి వచ్చాడు. మొహంలో రక్తం లేదు.

"పంతులుగారూ, కిందటి నెల వచ్చిన సేఫ్టీ వాల్వుల్లో ఒకటి మిగిల్తే ఇయ్యాల పరీక్షకి ఎక్కించానండి. స్ప్రింగు బిగుసుకుపోయిందండి. ప్రెషరు ఎంత ఎక్కినా తెరుచుకోదు. ఆ లాటులోయి ఐదు మిల్లులకి పంపేసేం."

సేఫ్టీ వాల్వు అంటే తెలియనివాళ్ళకి చెబుతాను. బాయిలర్లో ఆవిరి మితిమీరితే అది తనంతట తాను తెరుచుకుని, కూత పెట్టి, ఆవిరిని బయటికి వదిలేస్తుంది. అది తెరుచుకోకపోతే ఆవిరి ఇనప ప్లేట్లనే చీల్చుకుని బయటికొస్తుంది. ఎదురుగా ఉన్న మనిషి మిగలడు.

భుజంగరావుగారు ఎస్తేరుని చిత్తుప్రతి రాయమన్నారు. ఆమె మస్తాన్ చెప్పింది చెప్పినట్టే రాసింది. "మేము పంపిన సేఫ్టీ వాల్వు తెరుచుకోవడం లేదు. బాయిలరు పేలే ప్రమాదం ఉంది. కొత్త వాల్వు బిగించేవరకు బాయిలరు వెలిగించవద్దు." మూడు వాక్యాలు. ఒక్క పొల్లు మాట లేదు. ముప్పై ఏళ్ళ చాకిరీలో భుజంగరావుగారు నేర్పాలనుకున్నదంతా ఆ మూడు వాక్యాల్లో ఉంది.

ఆయన దాన్ని చూసి ఉలిక్కిపడ్డారు. "శ్రీకారం కింద ఈ మాటలేమిటమ్మాయ్?" అని, నన్ను ఎర్ర వైపుకి తిప్పారు. "లేదు" మీద గీత. "పేలే" మీద గీత. "వద్దు" మీద రెండు గీతలు. నేను వెళ్ళనని మొరాయించాలనుకున్నాను. పెన్సిలు మొరాయించడమంటే ములుకు విరగడమే. ఆ రోజు నాకు ఆ ధైర్యం కూడా రాలేదు. ఆయన నమూనాల ఫైలు తెరిచి చెప్పింది ఆమె కింద రాసుకుంది. "ఇటీవల సరఫరా చేసిన వాల్వు విషయమై స్వల్పమైన అంశమొకటి మా దృష్టికి వచ్చినది. తమరు బాయిలరు విషయంలో తగు జాగ్రత్త వహించగలరు. మా మెకానిక్కు యథాశీఘ్రముగా తమ సముఖమునకు రాగలడు."

"త్వరలో" అంటే ఏ తేదీ అని అడిగే మనిషి, "యథాశీఘ్రముగా" అంటే ఏ తేదీ అని తనను తాను అడగలేదు. నన్ను నీలం వైపుకి తిప్పి టిక్కు పెట్టారు.  ఎస్తేరు చేరి ఎనిమిది నెలలే అయింది. కాగితం పట్టుకెళ్ళి టైపు చేసింది. మధ్యాహ్నానికి ఐదు కవర్లు లారీల వెంట వెళ్ళిపోయాయి. ఆ రాత్రంతా డ్రాయరులో నేను గుండుసూదుల మధ్య ఎలా గడిపానో నాకే తెలుసు.

మర్నాడు పొద్దున్న ఎస్తేరు బల్ల ముందుకొచ్చి నిలబడింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"అయ్యగారూ, నిన్నటి ఉత్తరం మా నాన్నోళ్ళ మిల్లుకీ వచ్చిందండి."

"మంచిది. చదివారా?"

"ఆయ్, గుమాస్తాగారు చదివేరంటండి. జాగ్రత్తగా ఉండమంటన్నారు అని మా నాన్నకి చెప్పి, చువ్వకి గుచ్చేసేరంటండి. జాగ్రత్తగా ఉండమంటే మా నాన్న రోజూ ఉండేదే కదండి. పొద్దున్నే పొయ్యి ఎలిగిత్తానని ఎల్లేడండి. నేను ఆపుదావంటే, కంపెనీవోళ్ళు రాసిందానికన్నా నీకు ఎక్కువ తెలుసా అన్నాడండి."

 భుజంగరావుగారు నిన్నటి చిత్తుప్రతి తీయించి, నా ఎర్ర గీతల వంక చూశారు. ఆయన వేళ్ళలో చెమట నాకు తగిలింది. లేచి తిన్నగా యజమాని గదిలోకి వెళ్ళారు. నేను ఆయన చెవి మీదే ఉన్నాను.

భామిరెడ్డిగారు చెడ్డవాడేం కాదు. విషయం వినగానే ఫోనున్న మూడు మిల్లులకి ఆయనే ఫోను చేశారు. మిగతా రెండిటికీ ఫోను లేదు. "మనుషుల్ని పంపండి, నా జీపు తీసుకెళ్ళండి" అన్నారు. కాని భుజంగరావుగారు కొత్త ఉత్తరం మీద సంతకం పెట్టమనేసరికి చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

"పంతులుగారూ, మా నాయన పెట్టిన ఆచారం. ఆయన శ్రీకారం కింద పేలుద్ది, వద్దు అని నా చేత్తో సంతకం పెట్టమంటారేంటండి? నోటితో చెప్పండి, చాలదా?"

"నోటిమాట మిల్లు గుమాస్తా నమ్మడు బాబూ. నిన్నటి ఉత్తరం ఉందిగా అంటాడు. కాగితాన్ని కాగితమే కొట్టేయాలి. లెటరుహెడ్డు మీద రాయనులెండి."

బయటికొచ్చి తెల్ల కాగితాలు రెండు తీసుకున్నారు. నన్ను హడావిడిగా చెక్కబోయారు. మూడుసార్లు ఎర్ర ములుకు విరిగింది. విరిగినప్పుడల్లా నా ప్రాణం విలవిల్లాడేది, నా కోసం కాదు. కాలవ అవతల ఆ పాటికి ఆవిరి ఎంత ఎక్కి ఉంటుందో ఎవరికి తెలుసు. చివరికి మిగిలిన కాస్త ఎరుపుతోనే అరచేయంత అక్షరాలు రాశారు. "నిన్నటి ఉత్తరం తప్పు. వాల్వు తెరుచుకోదు. బాయిలరు పేలుతుంది. వెలిగించవద్దు. మంట ఆర్పండి." ముప్పై ఏళ్ళుగా కొట్టేస్తూ వచ్చిన మాటలన్నీ తిరిగి ఒక్కచోటికి వచ్చాయి. రెండో కాగితం మీద "ఆర్పండి" దగ్గరికొచ్చేసరికి నా ఎరుపు చెక్క దాకా అరిగిపోయింది. చివరి అక్షరాలు కాగితం మీద గీరుకుంటూ పడ్డాయి.

ఒక కాగితం పట్టుకుని మస్తాన్ స్కూటరు మీద వెళ్ళాడు. రెండోదానితో భుజంగరావుగారూ ఎస్తేరూ జీపెక్కారు. నేను చొక్కా జేబులో ఉన్నాను. ఆయన గుండె నా వీపుకి తగులుతూ కొట్టుకుంటోంది. దారిలో కాలవ గట్టున గేదెల మంద అడ్డొచ్చింది. అవి కదిలేలోపు ఆ చప్పుడు ఎన్నిసార్లు విన్నానో లెక్కపెట్టలేదు.

మిల్లు గుమాస్తా ఎదురొచ్చాడు. "నిన్న తమ ఉత్తరం అందిందండి. జాగ్రత్తగానే ఉంటన్నాం" అన్నాడు నవ్వుతూ. భుజంగరావుగారు కాగితం ఆయన చేతిలో పెట్టారు. చదువుతూ చదువుతూ ఉండగానే ఆయన నవ్వు పోయింది. ఎస్తేరు అప్పటికే బాయిలరు వైపు పరిగెత్తింది.

యేసుపాదం పొయ్యి ముందు కూర్చుని ఊక ఎగదోస్తున్నాడు. సూచీ ముల్లు ఎర్ర గీత దాటి ఇంకా పైకి పోతోంది. ఆయన దాని వంక చూస్తూ వాల్వు కూత కోసం ఎదురుచూస్తున్నాడు. అది కూస్తుందని ఆయన నమ్మకం. నమ్మకపోవడానికి ఎవరూ ఆయనకి కారణం చెప్పలేదు.

"నాన్నా, ఊక ఆపెయ్. మంట లాగెయ్" అంది ఎస్తేరు.

ఆయన కూతురి వంక కాక, వెనకే వచ్చిన భుజంగరావుగారి వంక చూశాడు.

"వద్దు, యేసుపాదం. ఇంక వద్దు" అన్నారాయన. ఆ నోటి వెంట ఆ మాట నేను వినడం అదే మొదలు.

యేసుపాదం ఇంకో ప్రశ్న వేయలేదు. ఇనప పార అందుకుని నిప్పంతా బయటికి లాగేశాడు. ముల్లు ఉన్నచోటే నిలబడింది. ఎంతసేపు నిలబడిందో చెప్పలేను. తర్వాత మెల్లగా కిందికి కదిలింది. ఎర్ర గీత దాటి ఇవతలికి వచ్చాక భుజంగరావుగారు నేలమీదే చతికిలపడ్డారు. రెండో మిల్లులో ఆ రోజు పొయ్యి వెలిగించనే లేదని సాయంత్రానికి తెలిసింది.

యేసుపాదం తలగుడ్డ విప్పి మొహం తుడుచుకున్నాడు. "పంతులుగారూ, నిన్నటి కాయితంలో ఈ మాట లేదాండి?" అని అడిగాడు. అడగడంలో నిష్ఠూరం లేదు. తెలుసుకుందామనే అడిగాడు.

"ఉందయ్యా. మీ అమ్మాయి రాసింది. నేనే కొట్టేశాను."

ఆ వారంలోనే నమూనాల ఫైలు అటక మీదికి చేరింది. దించమని భామిరెడ్డిగారూ అడగలేదు. మూడేళ్ళకి భుజంగరావుగారు పని మానుకుంటూ నన్ను ఎస్తేరు చేతిలో పెట్టారు. "దీనికి ఎరుపు లేదమ్మా, నీకు అక్కర్లేదు కూడా" అన్నారు.

ఇప్పుడు ఎస్తేరే అక్కడ పెద్ద గుమాస్తా. కొత్తవాళ్ళు ఎవరైనా "తగు జాగ్రత్త వహించగలరు" అని రాసుకొస్తే ఆమె కొట్టేయదు. కాగితం వాళ్ళకే ఇచ్చి, "ఇది మా నాన్నకి చదివి వినిపిస్తే ఆయన లేచి ఏం చెయ్యాలి?" అని అడుగుతుంది. వాళ్ళు తెల్లమొహం వేసి, వెళ్ళి మళ్ళీ రాసుకొస్తారు. అప్పుడు డ్రాయరులోంచి నన్ను రెండు వేళ్ళతో పట్టి తీసి నీలం టిక్కు పెడుతుంది.

ఎరుపు కొట్టేసిన మాటలు ఎరుపే తిరిగి రాసి, రుణం తీర్చుకుని వెళ్ళిపోయింది. ఆ బుధవారం తప్పుడు ఉత్తరానికి సరేనని టిక్కు పెట్టింది మాత్రం ఈ నీలమే. అందుకే టిక్కు పెట్టే ప్రతిసారీ నేను వణుకుతాను. పెన్సిలు మరీ పొట్టిదైపోయిందని, పట్టు చిక్కడం లేదని ఎస్తేరు అనుకుంటుంది. టిక్కు పెట్టేముందు ఆగి, ఉత్తరం ఇంకోసారి చదువుతుంది.