రక్తదాతల పట్టికలో ప్రభు

అంకమ్మరావు గారికి కంప్యూటర్ నేర్పడం నా వల్ల కాదని మొదటిరోజే చెప్పేశాను. ఆయన వింటేగా! దర్శి బస్టాండు ఎదురుగా పురుగుమందుల కొట్టు ఆయనది. దాని మేడ మీద కంప్యూటర్ సెంటర్ నాది. అద్దెకున్నవాణ్ణి, మెట్లెక్కి వచ్చిన ఇంటి యజమానిని పొమ్మనలేను. పైగా మా ఊరి రక్తదాతల సంఘానికి ఆయనే అధ్యక్షుడు. ఒంగోలులో ఒక ఆసుపత్రి బ్లడ్ బ్యాంకు వాళ్ళు దాతల వివరాలన్నీ ఎక్సెల్‌లో పంపమన్నారట.

"ఆ ముక్కేదో నేనే నేర్చుకుంటా హయాతూ. ప్రతిదానికీ నిన్ను బతిమాలేదేంది?" అన్నాడు.

ఆ వివరాలు ఫాక్స్‌ప్రో అనే పాత ప్రోగ్రాములో ఉన్నాయి. ఎక్కించింది ప్రభు. నా దగ్గర మొదటి బ్యాచ్‌లో నేర్చుకున్న కుర్రాడు. పక్క పల్లెలో ఎస్టీడీ బూత్ నడుపుకుంటూ, తీరిక దొరికినప్పుడల్లా వచ్చి పేర్లు, బ్లడ్ గ్రూపులు, ఫోన్ నంబర్లు టైపు చేసేవాడు. వాడిది ఓ నెగెటివ్. అరుదైన రక్తం కాబట్టి వాడికి ఈ పనంటే పిచ్చి. 2001 వేసవిలో మిరప బస్తాల లారీ వాడి బండిని గుద్దింది. ఆసుపత్రికి చేరేలోపే పోయాడు. నేను చావుకి వెళ్ళాను కానీ, పెట్టె మూయకముందే తిరిగొచ్చేశాను. చూడలేకపోయాను. ఆ తర్వాత వాడి గురించి ఎవరితోనూ మాట్లాడలేదు.

ఇక అంకమ్మరావు గారి చదువు. "ముందు టేబుల్ తెరవండి. అడ్డంగా ఒక్కో వరస ఒక్కో మనిషి. నిలువుగా చూస్తే ఒకటి పేరు, ఒకటి గ్రూపు, ఒకటి ఫోను" అన్నాను. ఆయన పేర్ల మీద వేలు పెట్టి స్క్రీన్‌ని రుద్దాడు. పురుగుమందు చేతులతో ముట్టుకోవద్దని అరిచాను. "ఇప్పుడు కాపీ టూ అని కొట్టండి. కొత్త ఫైలుకి ఒక పేరు పెట్టండి. చివర్లో అది ఎక్సెల్ రకం అని చెప్పి ఎంటర్ కొట్టండి."

ఫైలు తయారైంది. ఎక్సెల్‌లో తెరిస్తే ఫోన్ నంబర్లు ఉండాల్సినచోట అడ్డగీతలూ నిలువుగీతలూ కనిపించాయి. ఆయన గుండె పట్టుకున్నాడు.

"నంబర్లన్నీ పోయినయ్ హయాతూ!"

"ఎక్కడికీ పోలేదు. గడి ఇరుకై కనపడట్లేదు. వెడల్పు చేయండి."

నంబర్లు మళ్ళీ కనబడగానే ఆయన లోకాన్ని జయించినట్టు నవ్వాడు. ఇక తనకి అంతా వచ్చేసిందన్నాడు. నేను వినుకొండలో పెళ్ళికి వెళ్ళిన రోజున ఒక్కడే కూర్చుని ప్రభు పేరున్న వరసని డిలీట్ చేశాడు. మిగతావాటిని ఎక్సెల్‌లోకి మార్చి, ఫ్లాపీలో వేసి, ఒంగోలు బస్సు కండక్టర్ చేతికిచ్చి పంపేశాడు. నేను తిరిగొచ్చాక మీసం తిప్పుతూ ఈ సంగతి చెప్పాడు.

సంక్రాంతి వెళ్ళాక ఒక మిట్టమధ్యాహ్నం నా సెంటర్‌కి ఫోనొచ్చింది. సంఘానికీ ఆ నంబరే.

"రక్తదాతల సంఘమాండీ? బ్లడ్ బ్యాంకు నుంచి. ప్రభు గారు బయల్దేరి ఎంతసేపయిందండీ?"

"ఏ ప్రభు?" అన్నాను.

"ఓ నెగెటివ్ ప్రభు గారండీ. పొద్దున ఫోన్ చేస్తే వాళ్ళమ్మగారు తీశారు. స్నానం చేస్తున్నాడు, పంపిస్తానన్నారు. ఇక్కడ జానీబీ అని కాన్పు కేసు, రక్తం ఆగట్లేదు. ఆయన వస్తున్నాడు కదా అని మేం ఇంకెవరినీ పిలవలేదండీ."

చచ్చిపోయాడని చెప్పాలనుకునీ చెప్పలేకపోయాను. వేరేవాళ్ళ కోసం కూడా చూడండి అని మాత్రం చెప్పి పెట్టేశాను. వెంటనే ఫాక్స్‌ప్రో తెరిచాను. ప్రభు అక్కడే ఉన్నాడు. పేరు పక్కన చిన్న నల్లగుర్తు ఉంది.

ఫాక్స్‌ప్రోలో వరసని డిలీట్ చేసినంత మాత్రాన అది పోదు. పక్కన ఒక గుర్తు పడుతుంది, అంతే. అలాంటివాటిని వదిలెయ్యమని ముందే విడిగా చెప్పకపోతే, కాపీ చేసినప్పుడు అవి కూడా ఎక్సెల్‌లోకి వెళ్ళిపోతాయి. గుర్తు మాత్రం వెళ్ళదు. అక్కడ ఉన్నవాళ్ళూ పోయినవాళ్ళూ ఒకే తీరుగా బారులు తీరి ఉంటారు. ఇది రెండో పాఠం. అంకమ్మరావు గారికి రెండో పాఠం దాకా ఓపికెక్కడిది?

ఆయన్ని స్కూటర్ మీద ఎక్కించుకుని ప్రభు పల్లెకి పరిగెత్తాను. బూత్‌కి తాళం వేసి ఉంది. ప్రభు పోయాక దాన్ని వాళ్ళమ్మ ఎలీసమ్మే నడుపుతోంది. పొద్దునే బస్సెక్కి ఒంగోలు పోయిందని పక్కింటావిడ చెప్పింది. "ఫోను రాంగానే లోపలికెళ్ళి ప్రభు తెల్లచొక్కా తీసి సంచిలో పెట్టుకుందయ్యా. నాకు భయమేసి అడగలే" అంది.

అటునుంచి అటే ఒంగోలు పోయాం. మేం చేరేసరికి ఎలీసమ్మ బ్లడ్ బ్యాంకు బల్ల మీద కూర్చుని ఉంది. మోచేతి మడతలో దూది. ఒళ్ళో సంచి. బస్సు చీమకుర్తి దగ్గర చెడిపోయి ఆలస్యమైందట. రక్తం గ్రూపు కలిసిందనీ, లోపల జానీబీకి ఎక్కిస్తున్నారనీ టెక్నీషియన్ చెప్పాడు. భయం తీరగానే నాకు కోపం ముంచుకొచ్చింది.

"స్నానం చేస్తున్నాడని ఎలా చెప్పావమ్మా? ఆ పిల్ల ప్రాణం పోయుంటే?" అని అరిచాను. వరండాలో జనం తిరిగి చూశారు.

"నాదీ వాడి రక్తమేలే నాయనా. వాడు మొదటిసారి ఇచ్చినప్పుడు నాకూ ఏలు గుచ్చి చూశారు. నువ్వెందుకమ్మా, నేనున్నాగా అన్నాడు."

"అయితే నేనే వస్తానని చెప్పొచ్చుగా!"

"వాళ్ళు నన్నడగలా. ప్రభు ఉన్నాడా అనడిగారు" అంది.

అంకమ్మరావు గారు గోడవైపు తిరిగి కండువాతో మొహం తుడుచుకున్నాడు.

జానీబీ బతికింది. ఆడపిల్ల పుట్టింది. నేను తిరిగొచ్చి పట్టిక సరిచేసి, డిలీట్ చేసినవి రాకుండా మళ్ళీ ఎక్సెల్‌లోకి మార్చి పంపాను. ప్రభు చోట అదే నంబరుతో ఎలీసమ్మ పేరు పెట్టాను. కానీ పాత ఫైలు నుంచి ఎన్ని కాగితాలు తీశారో, ఎన్ని నర్సింగ్ హోముల గోడలకి అంటించారో ఎవడికి తెలుసు? ఆ ఫోన్ మళ్ళీ మోగుతుంది. ఆమె మళ్ళీ అదే జవాబు చెబితే, అవతల ఎవరో ఒకరు రాని మనిషి కోసం చూస్తూ చూస్తూ పోతారు. ఈసారి వాడు లేడని చెప్పి తీరాలని ఎలీసమ్మకి నచ్చజెప్పాను. తలూపింది.

నాకు నమ్మకం కుదరలేదు. మర్నాడు సాయంత్రం సెంటర్ నుంచి బూత్‌కి ఫోన్ చేసి, గొంతు మార్చి, "ప్రభు ఉన్నాడాండీ?" అన్నాను.

"ఉన్నాడు బాబూ. అన్నం తింటన్నాడు" అంది.

పళ్ళు కొరుక్కుంటూ ఫోన్ పెట్టేశాను. ఆ పై సాయంత్రం మళ్ళీ చేశాను. పాటల ప్రాక్టీసుకని చర్చికి పోయాడంది. ఇంకోసారి చేస్తే, ఎండలో తిరిగొచ్చి పడుకున్నాడు, లేపమంటారా అంది. వద్దు, పడుకోనివ్వండి అన్నాను.

అలా ఎన్ని సాయంత్రాలో. ఆమెని పరీక్షించడానికి చేస్తున్నానో, వాడి కబురు వినడానికి చేస్తున్నానో నాకే తెలియకుండా పోయింది. వాడు అన్నం తిన్నాడంటే నా కడుపు నిండేది. మెట్ల మీద చెప్పుల చప్పుడైతే తలుపు వైపు చూసేవాణ్ణి. వాడు కూర్చునే కుర్చీలో కొత్తగా చేరిన పిల్లలెవరైనా కూర్చోబోతే, వెనక కుర్చీలోకి పొమ్మని కసిరేవాణ్ణి.

మిరపకాయల కోతలు ముగుస్తున్న రోజుల్లో ఒకసారి ఎప్పటిలాగే ఫోన్ చేశాను.

"ప్రభు ఉన్నాడాండీ?"

"లేడు బాబూ. పోయాడు. లారీ గుద్దింది. నేను వాళ్ళమ్మని. నాదీ అదే రక్తం. ఎక్కడికి రావాల్నో చెప్పండి, వస్తా."

ఇన్నాళ్ళూ నేను కోరింది సరిగ్గా ఈ మాటే. విన్నాక బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చాను. వాడి చావుకి వెళ్ళిన రోజున కూడా అంతగా ఏడవలేదు.

"ఏడవబాక హయాతూ" అంది ఎలీసమ్మ.

"నేనని తెలుసా?"

"మొదటి రోజే తెలుసు నాయనా. పొద్దున జానీబీ బిడ్డనెత్తుకుని వచ్చింది. రక్తమిచ్చింది వాడే అనుకుంటంది. ప్రభన్న ఏడీ, బిడ్డను చూపిచ్చి పోతానంది. ఆ పసిగుడ్డు ఎదురుగా ఎట్టా అబద్ధమాడేది? చెప్పేశా."

"మరి నాకు ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదమ్మా?"

"లేడంటే మళ్ళీ ఫోన్ చెయ్యవు గదా. వాడి పేరెత్తి అడిగేవాళ్ళు ఇంకెవరున్నారు నాయనా?"

రేపు కూడా చేస్తానన్నాను. చేసి, ఎవరు ఉన్నారా అని అడగాలో మాత్రం నాకు తోచలేదు.