పెడల్ మీది చెక్కలు

దర్జీ పొద్దున్నే కొట్టు తెరిచి, ఇస్త్రీపెట్టె వేడెక్కేలోగా కూతురు ముందురోజు కుట్టినవన్నీ వెలుతురుకు పెట్టి చూసేవాడు. చొక్కా అయినా, లంగా అయినా ఆయన నోట ఒకటే మాట.

"ఏదో, ఫర్వాలేదు."

ఆ మాట పడ్డప్పుడల్లా కూతురు ఓ గోరంత ఎత్తు తగ్గేది. ఆయన నాలుక అలాంటిది మరి. టీ ఫర్వాలేదన్న పాపానికి ఇంట్లో పెద్ద గ్లాసు కాస్తా మందుసీసా మూతంత అయింది. వంట ఎలా ఉందని భార్య అడగడం ఎప్పుడో మానేసింది. ఆయన తండ్రి నాలుకా ఇదే బాపతు. అందుకే దర్జీకి ఇప్పటికీ పీట ఎక్కితే గానీ గుడ్డ కత్తిరించే బల్ల అందదు.

కూతురి కాళ్లు కుట్టుమిషను పెడల్‌కి అందకపోతే ఆయనే దానిమీద ఓ చెక్క బిగించాడు. తర్వాత దానిపైన ఇంకోటి. మూడోదానికి చోటు లేదు.

"ఇంకోసారి ఆ మాటన్నారంటే పిల్ల మిషను తొక్కలేదు," అంది భార్య బొత్తాలు ఏరుతూ. "చేతికొచ్చిన పని పోతుంది. ఆపైన మీ ఇష్టం."

"నేనేమన్నా తిట్టానా? ఫర్వాలేదంటే మంచి మాటేగా."

"అంత మంచి మాటైతే అద్దంలో చూసుకుని మీకు మీరే అనుకోండి."

దర్జీ ఇస్త్రీపెట్టె అందుకున్నాడు.

ఆ సాయంత్రం కూతురు మిషను ముందు కూర్చున్నచోటి నుంచే ఓ కోటు అందించింది. "నీకే నాన్నా. వేసుకుని చూడు."

దర్జీ వేసుకున్నాడు. కాలరు తడిమాడు, చంకల దగ్గర లాగి చూశాడు, లోపలి అస్తరు తిరగేశాడు. ఎంత వెతికినా ఒక్క వంక దొరకలేదు. ఆ పొట్టి ఒంటికి ఏ కోటూ ఇంతవరకు ఇలా అతికినట్టు కుదరలేదు. అలవాటు కొద్దీ నోరు తెరిచాడు. కూతురు రెండు చేతులతో మిషను అంచు గట్టిగా పట్టుకుంది. అది చూసి ఆయన తెరిచిన నోరు టక్కున మూశాడు. తన తండ్రి ముందు తనూ అలాగే బిగుసుకుపోయేవాడు.

మెచ్చుకునే మాట ఆయన నాలుకకి అలవాటు లేదు. దగ్గాడు. మళ్లీ దగ్గాడు.

"నాకిలా కుట్టడం రాదమ్మా," అన్నాడు చివరికి. "చాలా బాగుంది."

కూర్చున్నది కూర్చున్నట్టే కూతురి మోకాళ్లు మిషను బల్లకి కొట్టుకున్నాయి. భార్య బొత్తాల డబ్బా పక్కనపెట్టి, స్క్రూడ్రైవర్ తెచ్చి ఆయన చేతికిచ్చింది. దర్జీ కొత్త కోటుతోనే నేలమీద చతికిలబడి పై చెక్క ఊడదీశాడు. కింది చెక్క మాత్రం ఇంకా అవసరమే.

దానిమీద చెయ్యి వేసి, "ఇంకేం కుట్టావమ్మా?" అన్నాడు. "అన్నీ తీసుకురా."