తోక లేని సైకిల్

టైగ్ సైకిల్‌ను అతని భార్య నోరీన్ మా షెడ్డు దాకా నడిపించుకొచ్చినప్పుడు వాన పడుతోంది. జనవరిలో ఇక్కడ వాన పడని రోజుంటే చెప్పుకోవాలి. ఆమె వెనక కూతురు సోర్కా ఉంది. టైగ్ క్రిస్మస్‌కు ముందు గుండె ఆగి పోయాడు. అంత్యక్రియల రోజు నేనూ అందరితో పాటు వరుసలో నిలబడి, నోరీన్ చెయ్యి పట్టుకుని, అందరూ అనే నాలుగు మాటలే అని వచ్చేశాను. సమ్మె తర్వాత ఆ ఇంటివాళ్ళతో నేను మాట్లాడింది అంతే.

"సీటు దిగట్లేదు," అంది నోరీన్, పలకరింపు లేకుండా. "ఆదివారం చర్చిలో ఆయన నెల పూజ. అది కాగానే సైకిల్ క్లబ్బు వాళ్ళందరూ కొండ మీదికి వెళ్తున్నారు. ఇదేమో నాన్న సైకిల్ మీదే వస్తానంటోంది. దీని కాళ్ళు అందట్లేదు."

"షాపుకి తీసుకెళ్ళకపోయావా?"

"తీసుకెళ్ళాను, మలాకీ. సీటు రాడ్డు ఫ్రేములో పట్టేసింది, ఇక పారేసి కొత్తది కొనుక్కోమన్నాడు."

"అమ్ముకునేవాడు ఇంకేమంటాడు."

"మీ వల్ల కూడా కాదంటే ఇప్పుడే చెప్పేయండి," అంది సోర్కా. "నాకీ సైకిలే కావాలి. ఇంకోటి అక్కర్లేదు." చిన్నప్పుడు నన్ను అంకుల్ అనేది. ఇప్పుడేమని పిలవాలో తెలియక ఏమీ పిలవకుండానే మాట్లాడింది.

"వదిలి వెళ్ళండి," అన్నాను.

నేనూ టైగూ ఒకే ఏడాది బడి మానేసి, ఒకే వారంలో ఊరి మాంసం ఫ్యాక్టరీలో చేరాం. సైకిళ్ళు కూడా ఒకేసారి కొన్నాం. చలికాలం వానల్లో తొక్కడానికని ఇనుప ఫ్రేములవి, మడ్‌గార్డులున్నవి. ఏటా నవంబర్‌లో ఒక శనివారం రెండూ ఈ షెడ్డులోనే విప్పేవాళ్ళం. సీటు రాడ్డులు బయటికి లాగి తుడిచి, గ్రీజు పూసి మళ్ళీ దించడం నా పని. మడ్‌గార్డు చివర్న నేలకు తగిలీ తగలకుండా వేలాడే ప్లాస్టిక్ ముక్క, మేం తోక అంటాం, అది కోసి బిగించడం అతని పని. బ్లీచింగ్ సీసాను నిలువునా కోసి, కెటిల్ ఆవిరికి పట్టి వంచేవాడు. అతనికి గ్రీజంటే అసహ్యం. నాకు కత్తెర పట్టుకోవడం రాదు.

తర్వాత సమ్మె వచ్చింది. మూడో వారం టైగ్ గేటు దాటి లోపలికి వెళ్ళాడు. ఇంట్లో చిన్నపిల్ల ఉంది, నోరీన్‌కు ఒంట్లో బాగాలేదు అన్నాడట. మిగతావాళ్ళకు ఇళ్ళూ పిల్లలూ లేనట్టు. ఆ సాయంత్రం నా సైకిల్ తోక పీకి వాళ్ళ గుమ్మంలో పడేసి వచ్చాను. సమ్మె ఓడిపోయింది. లోపలికి వెళ్ళినవాళ్ళకు ఉద్యోగాలు మిగిలాయి, బయట నిలబడ్డవాళ్ళకు మాట మిగిలింది. నేనిప్పుడు చలికాలం తెల్లవారుజామున రోడ్ల మీద మంచు పట్టకుండా ఉప్పు చల్లే లారీ తోలుతున్నాను.

ఊళ్ళో ఉన్నది ఒక్కటే సైకిల్ క్లబ్బు. అతను మానలేదు, నేనూ మానలేదు. తోక లేనివాడు వరుసలో అందరికన్నా వెనక ఉండాలి, ఎందుకంటే వాడి చక్రం ఎగజిమ్మే బురద వెనకవాడి నోట్లోకే పోతుంది. అందుకని ఏటా చలికాలమంతా నేనే చివర. నా ముందు టైగ్. సమ్మె విరిచినవాడి పక్కన తొక్కడం ఎవరికీ ఇష్టం లేక అతను కూడా వెనక్కి చేరాడనుకునేవాడిని. అతని చాటున గాలి తగలకుండా వెళ్ళడం నాకు నామోషీ. నాలుగు సైకిళ్ళ దూరం వదిలి, వానంతా మొహం మీద పడుతుంటే తొక్కేవాడిని. రోడ్డు మీద గుంత వస్తే టైగ్ చెయ్యి కిందికి చాపి చూపించేవాడు. మాట లేకపోయినా అది మాత్రం మానలేదు. క్లబ్బు పద్ధతి అది, ఎవరికైనా చూపిస్తారు అనుకునేవాడిని.

వాళ్ళు వెళ్ళాక సైకిల్‌ను స్టాండుకెక్కించి చూశాను. తప్పు పట్టడానికే చూశాను. చైను లింకు లింకునా తుడిచి ఉంది. బ్రేకు రబ్బర్లలో ఇరుక్కున్న ఇసుక రేణువులు సూదితో ఏరేసి ఉన్నాయి. రిమ్ములు అరిగేది ఆ ఇసుక వల్లే. చక్రం తిప్పితే చప్పుడు లేదు. గ్రీజంటే మొహం తిప్పుకునేవాడు బేరింగులకు కూడా తనే గ్రీజు పెట్టుకున్నాడు. సీటు రాడ్డు ఒక్కటే ముట్టలేదు. అది ఫ్రేములో దిగేచోట నీలం టేపు చుట్ట ఉంది. ఎత్తు గుర్తుండటానికి నేను చుట్టిందే. మురికి పట్టి నల్లబడింది కానీ అంగుళం కూడా కదల్లేదు.

రాడ్డు అల్యూమినియం, ఫ్రేము ఇనుము. మధ్యలోకి ఉప్పునీరు దిగితే రెండూ కరుచుకుపోతాయి. ఆ ఉప్పు చల్లేవాణ్ణి నేనే కాబట్టి ఎవరినీ తిట్టడానికి కూడా లేదు. తుప్పు వదిలించే నూనె పోసి రాత్రంతా ఉంచాను. మరుగుతున్న నీళ్ళు పోశాను. సీటు విప్పి, రాడ్డును పనిబల్ల మీది వైసు దవడల మధ్య బిగించి, ఫ్రేమునే రెండు చేతులతో తిప్పి చూశాను. ఇంకాస్త బలం పెడితే ఫ్రేము గొట్టం మెలి తిరుగుతుంది, అప్పుడిక ఆ పిల్లకు సైకిల్ లేనట్టే.

శుక్రవారం సాయంత్రం నోరీన్ గొడుగు ముడుచుకుంటూ లోపలికొచ్చింది.

"అవుతుందా?"

"కోసెయ్యాలి. పైభాగం రంపంతో తీసేసి, లోపల మిగిలిన ముక్కను బ్లేడుతో నిలువునా చీల్చాలి. చెయ్యి జారితే ఫ్రేము కూడా చీలుతుంది."

"అయితే జారకుండా చూసుకో."

"అన్నీ అంత శ్రద్ధగా చేసుకున్నవాడు ఇదొక్కటి ఎందుకు వదిలేశాడు?"

"నేనూ అడిగాను. ఒకసారి కాదు. అది మలాకీ పని అన్నాడు."

ఆమె గోడకు ఆనించి ఉన్న నా సైకిల్ వైపు చూసింది. వెనక మడ్‌గార్డుకు తోక బిగించే రెండు బొక్కలూ ఖాళీగా ఉన్నాయి.

"నీకూ ఇన్నేళ్ళలో ఓ ప్లాస్టిక్ ముక్క దొరకలేదు కాబోలు," అంది. గొడుగు విప్పుకుని వెళ్ళిపోయింది.

శనివారమంతా కోశాను. ఇనుము కోసే హాక్సా బ్లేడుకు ఒక చివర గుడ్డ చుట్టి పట్టుకుని, లోపలివైపు నుంచి కొద్దికొద్దిగా. వేళ్ళు కోసుకుపోయాయి. అల్యూమినియం పొడి బూడిదలా రాలింది. రెండు గాట్లు పడ్డాక ఉలితో మధ్య ముక్కను లోపలికి వంచి, పట్టకారుతో లాగితే కీచుమంటూ వచ్చింది. మిగతాది దాని వెంటే వచ్చింది. ఫ్రేము గొట్టంలోకి టార్చి వేసి చూశాను. ఎక్కడా గీత పడలేదు. శుభ్రంగా తుడిచి, ధారాళంగా గ్రీజు పట్టించి, కొత్త రాడ్డు దించాను. నీలం టేపు ముక్క ఎందుకో పారెయ్యబుద్ధి కాలేదు. మేకుకు తగిలించాను.

ఆదివారం పూజ అయ్యాక అందరం చర్చి గేటు దగ్గర చేరాం. క్లబ్బు కెప్టెన్ మోసీ, ఒకప్పుడు ఉత్తరాలు పంచేవాడు, నన్ను చూసి ఏటా అనే మాటే అన్నాడు.

"ఏరా మలాకీ, ఇంకా తోక మొలవలేదా? నడు, వెనక్కి నడు."

నా ముందు సోర్కా నిలబడింది, వాళ్ళ నాన్న చోట్లో. సీటు సరిగ్గా కుదిరింది. బయల్దేరాక ఈసారి దూరం వదల్లేదు. కొత్తగా తొక్కుతున్న పిల్ల, పడితే పట్టుకునేవాడు దగ్గర ఉండాలి కదా అని సర్దిచెప్పుకున్నాను. షెడ్డులో విడిగా ఉన్నప్పుడు పట్టించుకోలేదు, అప్పుడు చూశాను టైగ్ సైకిల్ తోకను. వరుసలో ఎవరిదీ అంత పొడుగు లేదు, అంత వెడల్పూ లేదు. కింది అంచు రోడ్డుకు రాసుకుని రాసుకుని అరిగిపోయింది. రోడ్డంతా నీళ్ళు పారుతున్నా నా మొహానికి ఒక్క చుక్క తగల్లేదు. చలికాలమంతా అతని వెనక ఉండేది నేనొక్కడినే.

అంతమాత్రాన టైగ్ ఆ ఫ్యాక్టరీ గేటు దాటలేదని కాదు. దాటాడు. అది అలాగే ఉంది.

కొండ దిగి తిరిగొస్తుంటే ఎదురుగాలి లేచింది, వాన అడ్డంగా కొడుతోంది. మిగతావాళ్ళు మలుపు తిరిగి కనిపించకుండా పోయారు. సోర్కా కాళ్ళలో సత్తువ అయిపోతోంది. ఇలాంటప్పుడు బలమున్నవాడు ముందుకెళ్ళి గాలికి అడ్డు కాయాలి. నేను ముందుకెళ్తే నా చక్రం లేపే బురదంతా ఆ పిల్ల మీదికే. వెళ్ళకపోతే ఇక్కడే ఆగిపోతుంది.

దాటి ముందుకెళ్ళాను.

"నా వెనకాలే ఉండు. దూరం వదలకు."

"బురద..."

"నోరు మూసుకుని తొక్కు. లోపలికి పోతుంది."

గుంత వచ్చినచోటల్లా చెయ్యి కిందికి చాపి చూపించాను. వెనక్కి తిరిగి చూసే ధైర్యం రాలేదు.

చర్చి హాల్లో టీ పోస్తున్నారు. సోర్కా తలుపు తోసుకుని లోపలికి రాగానే మోసీ కప్పు పక్కన పెట్టాడు.

"ఏం తల్లీ, దారిలో పందులతో పొర్లావా?"

"మలాకీ వెనక వచ్చాను," అందా పిల్ల. ఫిర్యాదులా అనలేదు. నోట్లో ఇసుకను చేతిరుమాల్లోకి ఉమ్మింది. కళ్ళు తప్ప మొహమంతా నల్లగా ఉంది. నోరీన్ తడిగుడ్డ తెచ్చి కూతురి మొహం తుడవడం మొదలుపెట్టింది. నా వైపు చూడలేదు. చూసి ఏదైనా అన్నా బాగుండేది.

"నోరీన్," అన్నాను. "ఇంట్లో ఖాళీ బ్లీచింగ్ సీసా ఏమన్నా ఉందా?"

ఆమె చెయ్యి ఆగింది.

"ఉంది. కడిగి పెట్టింది కూడా ఉంది. ఆయనే పెట్టాడు. కానీ కత్తెర నీకు చేతకాదుగా."

"నేను కోస్తాను," అంది సోర్కా గుడ్డ చాటు నుంచి. "నాన్న కోస్తుంటే పట్టుకునేది నేనే."

"ఊరికే అక్కర్లేదు," అన్నాను. "నవంబర్ రాగానే ఆ సైకిల్ షెడ్డుకు తీసుకురా. సీటు రాడ్డు తీసి గ్రీజు పెట్టాలి. నువ్వు పెట్టకు. అది నా పని."